తెలుగు పుస్తకం ప్రూఫు దిద్దడం ఎలా? స్క్రీన్ మీద ఏ పని, కాగితం మీద ఏ పని

కథల పుస్తకమో, సంఘం సావనీరో, తాతగారి జ్ఞాపకాలో టైపింగ్ పూర్తయిందంటే సగం పనే అయినట్టు. మిగతా సగం ప్రూఫులు దిద్దడం. అంతా స్క్రీన్ మీదే కానిచ్చేసేవాళ్లు కొందరు, టైపింగ్ అవగానే ప్రింటవుట్ తీసి ఎర్ర పెన్ను పట్టుకునేవాళ్లు కొందరు. నన్నడిగితే రెండూ కావాలి, వరస మాత్రం తప్పకూడదు: ముందు స్క్రీన్, తర్వాత కాగితం, మళ్లీ స్క్రీన్. పుస్తకాల్లో మిగిలిపోయే తప్పుల్లో కొన్ని ఆ మూడో దశలో, అంటే దిద్దుబాట్లు ఫైలులోకి ఎక్కించేటప్పుడు దొర్లేవే.

1. పెద్ద మార్పులు స్క్రీన్ మీదే

పేరాలు అటూ ఇటూ జరపడం, ఒకే సంగతి రెండుచోట్ల ఉంటే ఒకటి తీసేయడం ప్రింటు తీయకముందే అయిపోవాలి. రాసినవారు వేరు, దిద్దేవారు వేరు అయితే వర్డ్‌లో చేసిన మార్పులన్నీ గుర్తులతో చూపే ట్రాక్ ఛేంజెస్ (కంట్రోల్, షిఫ్ట్, ఇ కలిపి నొక్కాలి), గూగుల్ డాక్స్‌లో అదే పని చేసే సజెస్టింగ్ మోడ్ ఆన్ చేయకుండా ఫైలు ముట్టుకోవద్దు.

తర్వాత స్పెల్లింగులు. పెళ్ళి, పెళ్లి రెండూ వాడుకలో ఉన్నవే. ఒక పుస్తకంలో రెండూ ఉంటేనే ఇబ్బంది. ఏది వాడాలో ఖాయం చేసుకుని, ఇలాంటి మాటలన్నీ ఒక చీటీ మీద రాసుకుని ఫైండ్‌లో వెతకండి. 'రీప్లేస్ ఆల్' జోలికి మాత్రం వెళ్లొద్దు. 'కల'ని 'కళ'గా మార్చమంటే కలం కళం అవుతుంది, కలిసి కాస్తా కళిసి అవుతుంది. పోనీ పూర్తి పదమే వెతకమంటే కలలో, కలకు, కలని వదిలేస్తుంది. మన విభక్తులు మాటకే అతుక్కుని ఉంటాయి మరి. ఒక్కొక్కటే చూసి మార్చడం తప్ప దారి లేదు.

ఇంకో చిక్కుంది. 'సాఫ్ట్‌వేర్' అని విడిగా కనిపించాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ అక్షరం ఉండాలి. అది లేకపోతే 'సాఫ్ట్వేర్' అని వకారం కిందికి దిగిపోతుంది. ఒకటి వెతికితే రెండోది దొరుకుతుందన్న గ్యారంటీ లేదు కాబట్టి రెండూ వెతకండి. యూనికోడ్ కాని 'అను' ఫాంట్లలో కొట్టిన పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చి ఉంటే ఒత్తులు, గుణింతాలు చెదిరే అవకాశం ఉంది. అలాంటి ఫైలును మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూడాల్సిందే.

2. ప్రింటు తీయడం

అక్షరం 14 సైజు, లైన్ల మధ్య కనీసం ఒకటిన్నర ఎడం, కుడివైపు నాలుగు సెంటీమీటర్ల మార్జిన్, ఒకవైపే ప్రింటు. తెలుగులో పై లైను ఒత్తులు కిందికి దిగుతాయి, కింది లైను గుళ్లు పైకి లేస్తాయి. ఎడం లేకపోతే రెండూ కొట్టుకుని చదవడానికే విసుగొస్తుంది. స్క్రీన్ మీద గౌతమి ఫాంటులో చూసినదాన్ని మండలి ఫాంటులో ప్రింటు తీయండి. రూపం మారితే అలవాటు పడిన కన్ను కాస్త ఆగి చూస్తుంది.

కాగితానికి ఏదో మహిమ ఉందని అనను. 2018లో వెలువడిన ఒక సమీక్ష 54 అధ్యయనాలను కలిపి చూసి, సమాచారం ఇచ్చే రచనలు కాగితం మీద మెరుగ్గా అర్థమవుతున్నాయనీ, కథల్లో ఆ తేడా కనిపించలేదనీ చెప్పింది. అది అర్థం చేసుకోవడం గురించి, అక్షరదోషాలు పట్టడం గురించి కాదు. అయినా, స్పెల్‌చెక్ పట్టని తప్పుల కోసం నేను కాగితాన్నే నమ్ముతాను.

ఉదాహరణకు 'అర్థరాత్రి'. ఉండాల్సింది 'అర్ధరాత్రి'. థకి పొట్టలో చుక్క ఉంటుంది, ధకి ఉండదు, తేడా అంతే. మామూలు సైజులో స్క్రీన్ మీద ఆ చుక్క మీద చూపు ఆగదు. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఖిని లాంటి పద్ధతిలో టైపు చేసేవాళ్లకు షిఫ్ట్ నొక్కడం మరిస్తే పాట పాత అవుతుంది, కళ కల అవుతుంది. అవీ సరైన మాటలే కాబట్టి కింద ఎర్రగీత రాదు.

3. చదవడం, గుర్తులు పెట్టడం

లైను కింద స్కేలు పెట్టి ఒకసారి అక్షరాల కోసం చదవండి. రెండోసారి అర్థం కోసం, పైకి చదవండి. పద్యాలు, పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు ఉన్నచోట ఒక్కరే దిద్దుకోవడం మంచిది కాదు. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకుని అసలు ప్రతి చదవమనండి, మీరు ప్రూఫు చూసుకోండి. మనిషి దొరక్కపోతే ఎడ్జ్ బ్రౌజర్‌లో తెలుగు చదివి వినిపించే గొంతులున్నాయి, పనికొస్తాయి.

తప్పును లైన్లో గుర్తించి, ఒప్పును మార్జిన్లో రాయాలి. ఒత్తు ఒక్కటే రాసి వదిలేయకండి, పదం మొత్తం రాయండి. మీ చేతిరాతలో ఉన్న బుల్లి ఒత్తు, కంప్యూటర్‌లో పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్‌కి ఇంకోలా కనబడొచ్చు. పొరపాటున కొట్టేసిన మాట ఉంచాలంటే కింద చుక్కలు పెట్టి, పక్కన 'ఉంచాలి' అని రాస్తే చాలు.

4. కాగితం నుంచి ఫైలులోకి

ఇక్కడ తొందర పనికిరాదు. ముందుగా ఫైలుకు ఆనాటి తేదీతో ఒక కాపీ తీసి పెట్టండి. 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' అని పేర్లు పెడితే వారం తర్వాత ఏది ఏదో మీకే తెలియదు. దిద్దుబాట్లు చివరి పేజీ నుంచి వెనక్కి ఎక్కించండి. మొదటి నుంచి వస్తే లైన్లు జరిగిపోయి, కాగితం మీది చోటు స్క్రీన్ మీద వెతుక్కోవాల్సి వస్తుంది. ఎక్కించిన ప్రతి గుర్తు మీదా వేరే రంగు పెన్నుతో టిక్కు పెట్టండి. అయ్యాక వర్డ్‌లో కంపేర్‌తో పాత ఫైలు, కొత్త ఫైలు పోల్చి చూస్తే మారినవన్నీ గుర్తులతో కనిపిస్తాయి. మీరు కాగితం మీద అడగని మార్పు ఏదైనా కనిపిస్తే అది వేలు జారి పడిందే.

దిద్దుబాట్లు డీటీపీ ఆపరేటర్ ఎక్కిస్తే కొత్త ప్రూఫును పాతదాని పక్కన పెట్టుకుని చూడాలి. దిద్దిన మాటతో సరిపెట్టకుండా ఆ పేరా చివరిదాకా చదవండి. ఒక మాట పెరిగితే పేరా చివర ఒకే మాట కొత్త లైనుకు దిగొచ్చు, పేజీ చివరి లైను తర్వాతి పేజీకి జారొచ్చు.

ప్రెస్సుకు పంపేముందు ట్రాక్ ఛేంజెస్ అన్నీ యాక్సెప్ట్ చేసి, కామెంట్లు తీసేసి, విషయసూచికలోని పేజీ నంబర్లు సరిచూసి పీడీఎఫ్ చేయండి. ఆ పీడీఎఫ్‌ను మీ ఫాంట్లు లేని ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూశాకే పంపండి.