చలి ముదరకముందే అమ్మానాన్నల కోసం చేసి పెట్టుకోవాల్సిన పనులు

కరోనా ఇప్పుడు మామూలు జలుబే కదా అనే మాట నలభై ఏళ్లవాళ్లకి చాలావరకు నిజం. డెబ్బై దాటినవాళ్ల విషయంలో అలా అనుకుని కూర్చోకండి. 2020 ఫిబ్రవరి, మార్చిలో ఇటలీలోని లొంబార్డీ ప్రాంతంలో ఐసీయూల్లో చేరిన 1,591 మంది లెక్క తీస్తే, 63 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్లలో 15 శాతం, 64 నుంచి పైన ఉన్నవాళ్లలో 36 శాతం ఐసీయూలోనే పోయారు, అదీ లెక్క వేసేనాటికి సగానికి పైగా ఇంకా బెడ్ల మీదే ఉండగా. అప్పుడు టీకా లేదు, ఏ మందు పనిచేస్తుందో తెలియదు. తర్వాత పరిస్థితి చాలా మెరుగుపడింది, కానీ పెద్దవాళ్లకీ చిన్నవాళ్లకీ మధ్య తేడా మాత్రం పోలేదు.

వయసు మీద పడ్డాక వైరస్‌ని మొదటి రోజుల్లోనే అడ్డుకునే శక్తి నెమ్మదిస్తుంది, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో వాపు మొదలైతే అదుపులోకి రావడం కష్టం. కఫం దగ్గి బయటికి తెచ్చే బలం కూడా తక్కువే. దీనికి తోడు షుగర్, బీపీ, కిడ్నీ. అలాగని పుట్టిన సంవత్సరం ఒక్కటే అంతా తేల్చదు. రోజూ బజారుకి నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకునే 78 ఏళ్ల మనిషి, గోడ పట్టుకుంటే తప్ప బాత్రూమ్‌కి వెళ్లలేని 68 ఏళ్ల మనిషికన్నా బాగా తట్టుకోవచ్చు. అందుకే ఐసీయూ డాక్టర్లు జబ్బుకి ముందు ఈయన ఎలా తిరిగేవారు అని అడుగుతారు. ఇప్పటి నుంచే రోజూ కాసేపు నడిపించండి, పప్పో గుడ్డో పెరుగో రెండు పూటలా తినేలా చూడండి.

అసలు మోసం లక్షణాల దగ్గర. పెద్దవాళ్లకి జ్వరం రాకపోవచ్చు. అన్నం సయించకపోవడం, పగలంతా మగతగా పడుకోవడం, ఉన్నట్టుండి తడబడి పడిపోవడం, నిన్నటిదాకా బాగా మాట్లాడిన మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడటం, ఇవే మొదటి గుర్తులు కావచ్చు. "నాకేం లేదురా, కాస్త నీరసం అంతే" అంటారు, మనం నమ్మేస్తాం.

వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్ ఉంటే ఒంట్లో బాగున్నప్పుడే వారం రోజులు చూసి, మామూలుగా ఎంత ఉంటుందో రాసి పెట్టుకోండి. గోళ్లరంగు తుడిచి, చల్లటి చేతులు వెచ్చబెట్టాకే చూడాలి. 94 కంటే కిందికి దిగితే, మనిషి హాయిగా మాట్లాడుతున్నా సరే, ఆసుపత్రికే. ఆక్సిజన్ పడిపోయినా ఆయాసం తెలియకపోవడం ఈ జబ్బులో చాలామందిలో చూశారు. ఎప్పటి నుంచో ఊపిరితిత్తుల జబ్బు ఉంటే వాళ్ల హద్దు ఎంతో డాక్టర్‌నే అడిగి ఉంచుకోండి.

స్టెరాయిడ్ గురించి గట్టిగా చెప్పాలి. బ్రిటన్‌లో కరోనా మందుల మీద జరిగిన రికవరీ అనే పెద్ద పరీక్షలో డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలని దాదాపు మూడో వంతు తగ్గించింది, ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకి మాత్రం ఏ మేలూ చేయలేదు. అయినా మన దగ్గర రెండో వేవ్‌లో రెండో రోజు నుంచే ఇంట్లో మింగించినవాళ్లు ఎంతమందో! షుగర్ ఉన్న పెద్దాయనకి అది ఇంకా ప్రమాదం. వైరస్ మందులు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి, పైగా కొన్ని గుండె మందులతో పడవు, కాబట్టి అనుమానం వచ్చిన రోజే టెస్ట్ చేయించండి.

టీకా చివరి డోసు ఎప్పుడు వేయించారో చూసుకోండి, ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి కూడా ఒకసారి అడగండి.

ఇంకో కష్టమైన పని ఉంది. వెంటిలేటర్ దాకా వస్తే ఏం చేయాలని వాళ్ల మనసులో ఉందో ఇప్పుడే, భోజనాల దగ్గరే అడగండి. రాత్రి రెండింటికి ఐసీయూ బయట అన్నదమ్ములు దాని మీద గొడవ పడటం చాలా ఘోరంగా ఉంటుంది. మా నాన్నగారు మొదట విసుక్కున్నారు, తర్వాత తనే కాగితం తెమ్మని, మందుల పేర్ల కింద నాలుగు వాక్యాలు రాసిచ్చారు. ఆ కాగితం ఇప్పుడు బీరువా తలుపు లోపలివైపు అతికించి ఉంది, ఆక్సీమీటర్‌లో బ్యాటరీలు మాత్రం నిన్ననే మార్చాను.