ఇంట్లో వేప్ దొరికిందా? దాన్ని ఎలా వదిలించుకోవాలి?

ఉతుకుదామని పిల్లాడి కాలేజీ బ్యాగు ఖాళీ చేస్తే, హైలైటర్ పెన్నులాంటి రంగుల గొట్టం ఒకటి కింద పడుతుంది. మామిడిపండు వాసన. మూత రాదు, రాయదు. అది డిస్పోజబుల్ వేప్, అంటే అయిపోయాక పారేసే ఈ-సిగరెట్.

మన దేశంలో ఈ-సిగరెట్లను 2019లోనే నిషేధించారు. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయినా చాటుగా చేతులు మారుతూనే ఉన్నాయి. నింపే పని లేదు, బట్టలకు సిగరెట్ కంపు అంటదు, అయిపోతే పారేయడమే. చిక్కంతా ఆ పారేయడంలోనే ఉంది. ఇరానీ హోటల్లో పింగాణీ కప్పు వదిలేసి పేపర్ కప్పు అడిగేవాళ్లను చూస్తేనే నాకు చిరాకు. ఇక్కడ పారేసేది కప్పు కాదు, లోపల లిథియం బ్యాటరీ, నికోటిన్ ద్రవం ఉన్న వస్తువు.

పిల్లాడి సంగతి సాయంత్రం చూద్దాం. ముందు దీని పని పట్టండి.

ఒట్టి చేత్తో ముట్టుకోకండి. నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. గ్లవ్స్ వేసుకోండి, లేదంటే ప్లాస్టిక్ కవర్‌తో పట్టుకోండి. చేతికి తడి తగిలితే వెంటనే సబ్బుతో కడుక్కోండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

విప్పకండి. అందులోని బ్యాటరీతో పవర్ బ్యాంకు చేసే వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఆ సరదా మనకొద్దు. స్క్రూడ్రైవర్ మొన బ్యాటరీకి గుచ్చుకుంటే మంట లేస్తుంది.

ఇసుకలో పెట్టండి. కొన్ని వేప్‌లు గాలి లాగగానే వాటంతటవే వేడెక్కుతాయి. అందుకే పీల్చే కొసకు, ఛార్జింగ్ రంధ్రం ఉంటే దానికీ టేప్ అంటించండి. పాత రేకు డబ్బాలో పొడి ఇసుక పోసి అందులో పెట్టండి. మన హైదరాబాద్‌లో వీధికో అపార్ట్‌మెంట్ లేస్తోంది, నాలుగు గుప్పెళ్లు అడిగితే వాచ్‌మన్ కాదనడు. తడిగా ఉంటే ఎండబెట్టండి. మూత బిగించకుండా వదులుగా పెట్టి, ఎండా పిల్లలూ తగలని చోట ఉంచండి. వేప్ ఉబ్బినా, వేడిగా ఉన్నా డబ్బాను ఇంట్లో కాకుండా ఆరుబయట పెట్టండి.

ఎవరికివ్వాలి? చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. స్వచ్ఛ ఆటోలో మామూలు చెత్తతో కలిపి వేస్తే అది ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి వెళ్తుంది. అక్కడ చెత్తను యంత్రంతో గట్టిగా నొక్కి, పెద్ద బండ్లలో జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు పంపుతారు. ఆ నొక్కుడుకు బ్యాటరీ నలిగితే బండి అంటుకోవచ్చు, పక్కన ఉండేది పారిశుద్ధ్య కార్మికులు. "పాత సామాన్లు కొంటాం" అని మైకులో అరుస్తూ వచ్చే అతనికీ ఇవ్వకండి, సుత్తితో పగలగొడితే ప్రమాదం అతనికే. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఈ-వేస్ట్ రీసైక్లర్‌కే ఇవ్వాలి. వివరాల కోసం సనత్‌నగర్‌లోని మండలి ఆఫీసులో అడగవచ్చు. వెళ్లేముందు రీసైక్లర్‌కి ఫోన్ చేసి, లిథియం బ్యాటరీ ఉందని, నికోటిన్ మిగిలి ఉందని రెండూ చెప్పండి. కొందరు తీసుకోరు. కాలనీలో ఈ-వేస్ట్ సేకరణ పెట్టినప్పుడు ఇచ్చినా సరే, కానీ పాత ఛార్జర్ల కుప్పలో పడేయకుండా అక్కడున్నవాళ్ల చేతికే చెప్పి ఇవ్వండి.

ఇక పిల్లాడు. అరిస్తే దాచే చోటు మారుతుందంతే. ఎన్నాళ్లుగా పీలుస్తున్నాడో, మానేసిన రోజు చిరాకు, తలనొప్పి వస్తున్నాయో లేదో అడగండి. వస్తున్నాయంటే అలవాటు ముదిరినట్టే. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు 1800-11-2356 ఉంది, తనచేతే ఫోన్ చేయించండి. ఇసుక డబ్బా ఎక్కడుందో కూడా చూపించండి. రీసైక్లర్ దగ్గరికి ఇంకో వారం ఆగి వెళ్లండి, రెండోది తనే తెచ్చి అందులో వేసినా వేస్తాడు.