పొగాకు వేలం డబ్బులు చేతికొచ్చే ముందు: చీటీ పాడుకున్న డబ్బు అక్కడే వదలొద్దు

చీటీలు నడిపే మనిషి ఇంటికి తాళం వేసి రాత్రికి రాత్రే పోయాడని, కట్టినవాళ్లంతా పోలీస్ స్టేషన్ ముందు కూర్చున్నారని ఈ మధ్య మళ్లీ పేపర్లో వచ్చింది. ఊరి పేరు మారుతుందే గానీ వార్త అదే. టంగుటూరు, కొండపి వైపు పొగాకు వేలం డబ్బులు, నెల్లూరు వైపు కోతల డబ్బులు పడే రోజుల్లో ఇలాంటివి చదివితే నాకు టెన్షన్. ఇళ్లలోకి లక్షలు వచ్చేది ఈ నెలల్లోనే, అడిగేవాళ్లు గుమ్మంలోకి వచ్చేదీ ఇప్పుడే.

తెలియని యాప్‌లలో పెట్టొద్దు, అత్యాశ వద్దు లాంటివి అందరూ చెప్తున్నారు, వదిలేద్దాం. నేను చూసినంతలో కుటుంబాలను ముంచింది ఒకటే: పాడుకున్న చీటీ డబ్బును నడిపే మనిషి దగ్గరే వడ్డీకి వదిలేయడం.

5 లక్షల చీటీ, 20 నెలలు అనుకోండి. ఎనిమిదో నెలలో లక్ష తగ్గించి పాడారు, 4 లక్షలు రావాలి. "ఇప్పుడేం తొందర అక్కా, పాప పెళ్లికే కదా, నా దగ్గరే ఉండనీ, నూటికి రెండు ఇస్తా" అంటాడు. నెలకు 8 వేలు. అదీ చేతికివ్వడు, మీ కంతులో తగ్గిస్తాడు. అంటే మీ చేతికి రూపాయి రాలేదు, మిగతా 12 కంతులు మాత్రం కట్టాలి. పైగా పాడుకున్నారు కాబట్టి మీతో, మీ ష్యూరిటీతో ఖాళీ ప్రోనోట్ల మీద సంతకాలు తీసుకుని ఉంటాడు. ఆయన మీకిచ్చింది? చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో రాసిన ఒక అంకె. రేపు ఆయన ఐపీ (దివాలా పిటిషన్) పెడితే కాగితాల ప్రకారం బాకీదారు మీరే. ఆ నోటు ఇంకొకరి చేతిలో పడితే కోర్టు నోటీసు మీ ష్యూరిటీ ఇంటికి పోతుంది.

పదేళ్లుగా సక్రమంగా నడిపాడంటారు. నిజమే కావచ్చు. కానీ మీరు వదిలిన డబ్బు ఆయన బీరువాలో ఉండదు, రొయ్యల చెరువుల్లోనో స్థలాల్లోనో ఉంటుంది. రొయ్య ధర పడిందా, పదకొండో ఏడు ఇవ్వలేడు.

1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ మొదలుపెట్టకముందే అనుమతి తీసుకోవాలి, చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి, కమీషన్ 7 శాతం దాటకూడదు. ఆ అనుమతి కాగితం అడగండి. మొహం మాడ్చుకుంటే లేచి వచ్చేయండి.

మిగతావి వరసగా చెప్తా. పాట డబ్బు బ్యాంకు ఖాతాలోకే తీసుకోండి. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టొద్దు. బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా, అంతకు మించితే రెండో బ్యాంకులో వేయండి. ఊరి సొసైటీలో వేసిన డిపాజిట్‌కు ఆ బీమా లేదు, బోర్డు బ్యాంకులా కనిపించినా సరే. బంగారం కుదవపెట్టి తెచ్చి వడ్డీకి తిప్పొద్దు. చుట్టాలను మీ మాట మీద చీటీలో చేర్పించొద్దు. ఇంట్లో చెప్పకుండా ష్యూరిటీ సంతకం పెట్టొద్దు. ఎవరికైనా ప్రోనోటు మీద అప్పు ఇచ్చి ఉంటే మూడేళ్లు నిండకముందే ఎంతో కొంత కట్టించుకుని, వెనకవైపు చెల్లు రాయించి, బాకీదారుతోనే సంతకం పెట్టించండి, మీరు రాసుకున్నది కోర్టులో నిలవదు. పాట డబ్బు ఇప్పటికే వదిలేసి ఉంటే ఈ నెలే అడగండి. మొత్తం ఇవ్వలేనంటే సగం అడగండి, ఆ సగం వచ్చేదాకా రోజూ పోయి కూర్చోండి. "నా మీద నమ్మకం లేదా" అంటే లేదనే చెప్పండి. మళ్లీ చెప్తున్నా, పాడుకున్న డబ్బు అక్కడ వదలొద్దు. ఫోన్ ఎత్తడం మానేశాడా, పుస్తకం, ఫోన్‌పే రసీదులు అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. "కేసు పెడితే వచ్చేది కూడా రాదు" అనే పెద్దమనిషి ఒకరు తప్పకుండా వస్తారు, ఆయన వాటా ఆయనకు ముందే ముట్టి ఉండొచ్చు. అందరూ కలిసి ఫిర్యాదు ఇవ్వండి. డిపాజిటర్ల రక్షణకు 1999 నుంచి మన రాష్ట్రంలో చట్టం ఉంది, దాని కింద ఆస్తులు జప్తు చేయొచ్చు, అవి బావమరిది పేరు మీదకు మారకముందే మీరు కదిలితే.