జెడ్4 కారు టాప్ తెరుచుకోవడం లేదా? పంపు మార్చే ముందు ఇవి చూడండి

2002 నుంచి 2008 దాకా అమెరికాలోని స్పార్టన్‌బర్గ్ ఫ్యాక్టరీలో తయారైన బీఎండబ్ల్యూ జెడ్4 ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. దాని పవర్ టాప్, అంటే బటన్ నొక్కితే మడుచుకునే పైకప్పు, మొరాయించిందంటే చాలామంది నేరుగా దాన్ని కదిలించే హైడ్రాలిక్ పంపు (మోటారుతో కలిసే ఉంటుంది) ధర కనుక్కుంటారు. అసలు కారణం తెలుసుకోకుండా పంపు మారిస్తే కొత్తది కూడా పాడైపోవచ్చు.

1. ఇంజిన్ స్టార్ట్ చేసి, డిక్కీ పూర్తిగా మూసి, బటన్‌ను నొక్కి పట్టుకోండి. ఒకసారి నొక్కి వదిలేస్తే సరిపోదు. ఇంజిన్ ఆపి కాసేపయ్యాక మల్టీమీటర్‌తో బ్యాటరీ చూడండి. 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12 కంటే తక్కువుంటే ముందు చార్జింగ్ పెట్టండి.

2. మళ్లీ బటన్ నొక్కి చెవి పెట్టి వినండి. మోటారు రొద వినిపిస్తూ టాప్ కదలకపోతే హైడ్రాలిక్ ఆయిల్ తగ్గిందేమో, ఎక్కడైనా కారుతోందేమో చూడాలి. అద్దాలు కాస్త కిందికి దిగి, ఆ తర్వాత ఏ శబ్దమూ లేకపోతే బటన్ పనిచేస్తున్నట్టే. ఇక అనుమానం ఫ్యూజు, రిలే (మోటారుకు కరెంటు అందించే స్విచ్), మోటారు మీదే.

3. ఈ కారు అసలు జబ్బు ఇక్కడే ఉంది. మోటారు ఎడమవైపు, టాప్ మడిచి పెట్టే గుంట అడుగున ఉంటుంది. వాననీళ్లు బయటికి పోయే డ్రెయిన్ గొట్టం కూడా అక్కడిదే. ఆకులు, దుమ్ము చేరి అది మూసుకుపోతే నీళ్లు నిలిచి మోటారు మునిగిపోతుంది. టార్చి వేసి చూడండి, మోటారు చుట్టూ ఉన్న స్పాంజి తడిగా తగిలినా చాలు, దొంగ దొరికినట్టే. గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తీగను మెల్లగా దూర్చి గొట్టం శుభ్రం చేయండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి, గొట్టం లోపల ఊడిపోవచ్చు.

4. తడి ఆరాక, ఒకరు బటన్ నొక్కుతుండగా మోటారు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవండి. 12 వోల్టులు వస్తున్నా తిరగకపోతే మోటారు పోయింది. కరెంటే రాకపోతే ఫ్యూజు, రిలే చూడండి, మోటారు జోలికి వెళ్లొద్దు.

టాప్ సగంలో ఆగిపోయినప్పుడు ఆ ఫ్రేము సందుల్లో చెయ్యి పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చేత్తో మూసే పద్ధతి ఓనర్ మాన్యువల్‌లో ఉంటుంది.

మోటారు మార్చక తప్పకపోతే, దాన్ని డిక్కీలోకి జరిపి బిగించగలరేమో మెకానిక్‌ని అడగండి. చాలామంది ఓనర్లు అలాగే చేయించుకుంటున్నారు. పాత చోటే ఉంచేటట్టయితే, బిగించే ముందు డ్రెయిన్‌లో గ్లాసుడు నీళ్లు పోసి కారు కింద కారుతున్నాయో లేదో చూడండి.