చూసి మురిసేందుకు టరాంటులా తెచ్చుకునే ముందు

టరాంటులాను, అంటే ఒళ్లంతా నూగుండే పెద్ద సాలీడును, ఫొటో చూసి ఎంచుకుంటే మోసపోయేది మనమే. కోబాల్ట్ బ్లూ అనే రకం సంగతే తీసుకోండి. ఆ కాళ్ల నీలానికి ఎవరైనా మనసు పారేసుకుంటారు. ఇంటికి తెచ్చాక అది లోతుగా కలుగు తవ్వుకుని దిగిపోతుంది. చుట్టాలకు మీరు చూపించేది గాజుపెట్టెడు మట్టి. పైగా మహా కోపిష్ఠిది. అందుకే రంగు సంగతి తరువాత, అది పైన తిరిగే రకమా, లోపల దాక్కునే రకమా అని ముందు అడగండి.

నన్నడిగితే గ్రీన్ బాటిల్ బ్లూ అనే రకానికే ఓటు. వెనెజులా పొడినేలల ఈ సాలీడు కొమ్మకూ రాయికీ మధ్య తెల్లటి పరదాలు అల్లి, వాటి ముంగిట్లోనే కూర్చుంటుంది. కాకపోతే కాస్త బెదురు ఎక్కువ. నిదానంగా ఉండేది కావాలంటే ‘మెక్సికన్ రెడ్-నీ’ (ఎర్ర మోకాళ్ల రకం) మేలు. ఆడదైతే 20 ఏళ్లు దాటి బతకగలదు, మగదానికి అంత ఆయుష్షు లేదు. ఆడో మగో తేల్చుకోకుండా డబ్బు చేతిలో పెట్టకండి.

ఈ రెండూ అమెరికా ఖండాలవి. వీటితో కాటుకన్నా నూగుతోనే ఎక్కువ తంటా. బెదిరితే వెనక కాళ్లతో పొట్టను బరబరా గీకుతాయి, సన్నటి ముళ్లవెంట్రుకలు గాలిలోకి లేస్తాయి. ఒంటిమీద పడితే దురద. కంట్లో గుచ్చుకుంటే కంటి వైద్యుడి దగ్గరికి పరుగే. పెట్టెలోకి మొహం వంచి చూడకండి. మట్టి మార్చేటప్పుడు చేతితొడుగులు, కళ్లద్దాలు ఉండాలి.

ఆసియా, ఆఫ్రికా రకాలకు ఆ నూగు లేదు, బదులుగా వేగమూ విషమూ ఉన్నాయి. గుత్తి పేరుతో ప్రపంచమంతా ఎరిగిన నీలి పోయెసిలోథీరియా మెటాలికా ఈ కోవదే. కరిస్తే కండరాలు రోజుల తరబడి పట్టేయవచ్చు. మొదటి సాలీడుగా అసలు వద్దు. అడవిలో అది అంతరించే అంచున ఉంది. 2019లో ఆ ప్రజాతి మొత్తాన్నీ సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) రెండో అనుబంధంలో, అంటే అనుమతి పత్రాలుంటేనే దేశాల మధ్య అమ్మదగ్గ జాబితాలో, చేర్చారు. కాగితాలు చూపలేని అమ్మకందారు దగ్గర బేరమే ఆడకండి.

నేలమీద తిరిగే రకానికి ఎత్తైన పెట్టె కొనకండి. మట్టికీ మూతకీ మధ్య ఎడం, కాళ్లు చాచినప్పటి దాని కొలతకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. ఎత్తు నుంచి పడితే పొట్ట పగిలి చావచ్చు. జాలీ మూతలో గోళ్లు ఇరుక్కుంటాయి.

ఒక రోజు అది వెల్లకిలా పడి ఉంటుంది. చచ్చిందని కదపకండి, కుబుసం విడుస్తోంది. మేతగా వేసిన కీచురాయి లోపలుంటే తీసేయండి, సాలీడు మెత్తబడిన ఒంటిని అది కొరుకుతుంది. కొత్త కోరలు మొదట తెల్లగా ఉంటాయి, తరువాత ఎర్రబడతాయి. అవి నల్లబడిన తరువాతే మేత.