మాగ్నెట్ చక్రంతో ప్రయోగమా? ముందు ఈ జాగ్రత్తలు

ప్లైవుడ్ చక్రం అంచున నియోడిమియం మాగ్నెట్లను ‘వి’ ఆకారంలో రెండు వరుసలుగా అతికించి, ఎదురుగా ఇంకో మాగ్నెట్ నిలబెడితే చక్రం దానంతటదే ఊపందుకుంటుంది. ఇంధనం లేకుండా ఇలా ఎప్పటికీ తిరుగుతూనే ఉంటుందని ఆశపడతారు కానీ, వరుస ముగిసి మళ్లీ మొదలయ్యే చోట ఆగిపోతుంది. లాక్కునేటప్పుడు ఇచ్చిన శక్తిని, విడిపోయేటప్పుడు అయస్కాంత క్షేత్రం తిరిగి తీసేసుకుంటుంది. అమరిక ఎన్ని రకాలుగా మార్చినా పూర్తి చుట్టుకు లెక్క సున్నానే, పైగా బేరింగ్ రాపిడి నష్టం. ఎప్పటికీ ఆగకుండా తిరిగే ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలను పరిశీలించబోమని పారిస్ సైన్స్ అకాడమీ 1775లోనే తేల్చేసింది. అయినా ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో చేసి చూడటం మంచి ప్రయోగమే.

వేళ్లు నలిగేది ఎక్కువగా ఆ ఆగే చోటు దగ్గరే. చక్రాన్ని ఎలాగైనా దాటించాలని ఎదురు మాగ్నెట్‌ను చేత్తో పట్టుకుని ఇంకాస్త ముందుకు జరుపుతారు. 20 మి.మీ. వ్యాసం, 10 మి.మీ. మందం ఉన్న మాగ్నెట్ బిళ్ల ఇనుముకు అంటుకుంటే 10 కిలోలకు పైగా బలంతో పట్టుకుంటుంది. దూరం తగ్గేకొద్దీ లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది, చెయ్యి తీసే వ్యవధి ఉండదు. అందుకే దాన్ని చెక్క దిమ్మెలో బిగించి, ఇత్తడి బోల్టుతో జరపండి. 5 మి.మీ. కంటే దగ్గరికి రాకుండా మధ్యలో చెక్క అడ్డు కొట్టండి. ఈ మాగ్నెట్లు పెళుసు. రెండు కొట్టుకుంటే ముక్కలు ఎగురుతాయి కాబట్టి మామూలు కళ్లజోడు చాలదు, పక్కలు కూడా మూసే గాగుల్స్ కావాలి. అతుక్కున్న జతను ఎదురుగా లాగొద్దు, బల్ల అంచున పెట్టి పక్కకు జార్చండి.

చక్రానికి అల్యూమినియం వాడితే అందులో పుట్టే సుడి కరెంట్లు బ్రేకులా పనిచేస్తాయి. ప్లైవుడ్ లేదా అక్రిలిక్ మేలు. స్టీల్ బేరింగ్‌ను కూడా మాగ్నెట్ లాగుతుంది, దూరంగా ఉంచండి.

అతికించడానికి ఫెవిక్విక్ ఒక్కటే చాలదు, నికెల్ పూత నున్నగా ఉండటంతో ఊడొస్తుంది. పూతను ఎమరీ పేపరుతో కొంచెం గరుకు చేసి, ఎపాక్సీ పెట్టి 24 గంటలు ఆరనిచ్చి, అంచు చుట్టూ నైలాన్ దారం బిగించి చుట్టండి. డ్రిల్లింగ్ మిషన్‌తో తిప్పి చూసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 30 సెం.మీ. వ్యాసం ఉన్న చక్రం నిమిషానికి 1000 చుట్లు తిరిగితే 24 గ్రాముల బిళ్ల సుమారు 4 కిలోల బలంతో బయటికి లాగుతుంది. ఊడితే గంటకు 55 కి.మీ. పైగా వేగంతో వస్తుంది. చక్రం తిరిగే తలంలో ఎవరూ నిలబడకూడదు.

మాగ్నెట్‌కు రంధ్రం వేయొద్దు, కోయొద్దు. ఆ పొడి అంటుకుని మండుతుంది. మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లను ఆ గదిలోకే రానివ్వొద్దు, మాగ్నెట్ దగ్గరైతే దాని పనితీరు మారిపోతుంది. చిన్న బిళ్లలను లెక్కపెట్టి తాళం వేసి పెట్టండి. పిల్లలు రెండు మింగితే అవి పేగు గోడలను మధ్యలో నొక్కి రంధ్రం చేస్తాయి. మింగారన్న అనుమానం వస్తే చాలు, నొప్పి మొదలయ్యే దాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి.