కల్యాణ మండపంలో అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్ షో పెట్టడం ఎలా

ఇంట్లో ఎప్పుడో వేసి పెట్టుకున్న కాన్వాసులు తీసుకెళ్లి మేకులకు తగిలిస్తే అది మామూలు ఎగ్జిబిషన్. అలా కాకుండా ఒక గదిని చూసి, ఆ గది కోసమే వేసి, అక్కణ్ణుంచి తీసేస్తే సగం పస పోయేలా ఉండాలంటే ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నా. పారిస్‌లో ఆరంజరీ మ్యూజియం ఉంది, ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన కలువల బొమ్మల కోసం అక్కడ కోలగుండ్రటి గదులు రెండు సిద్ధం చేసి 1927లో తెరిచారు. గోడ ఎటు తిరిగితే బొమ్మా అటే తిరుగుతుంది. వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్ మ్యూజియం గుండ్రంగా ఉంటుంది కాబట్టి 2017లో మార్క్ బ్రాడ్‌ఫర్డ్ ఆ గుండ్రటి గోడ పొడవునా, దాదాపు 400 అడుగులు, ఎనిమిది పెద్ద అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులు, అంటే ఫలానా వస్తువని పోల్చుకునే బొమ్మ లేకుండా రంగులతో, ఆకారాలతోనే నడిచేవి, చేశాడు. నెల్లూరులోనో ఒంగోలులోనో మనకంత గోడ ఎవరిస్తారు అనుకోవద్దు, 40 అడుగుల హాలుకైనా పద్ధతి అదే.

హాలు కోసం పుష్యమాసంలో కల్యాణ మండపాలు అడగండి. ముహూర్తాలుండవు, అద్దె బేరమాడొచ్చు, పైగా ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికి వెనకబడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం పెట్టుకోకండి, తుఫాను వస్తే టెన్షన్ మామూలుగా ఉండదు. పాత సత్రాలూ గుడి మండపాలూ ఎంత అందంగా ఉన్నా వాటి గోడల మీద రంగు పడకూడదు, అక్కడ ఫ్రేములు నిలబెట్టుకోవాల్సిందే.

గోడ మీదే వేసే పనైతే ముందు చెమ్మ చూడండి. అడుగు చదరం పాలిథిన్ కవరు ముక్కని నాలుగంచులా టేపు వేసి అంటించి మర్నాటి దాకా వదిలేయండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే ఆ గోడకి దండం పెట్టి, గోడకు అంగుళం ఎడం ఇచ్చి ప్లైవుడ్ నిలబెట్టి దాని మీద వేయండి. తెల్లగా ఉప్పు పొంగిన గోడ మీద పుట్టీ పెట్టి కప్పేస్తా అనే మేస్త్రి మాట వినొద్దు, షో మధ్యలో పెచ్చులూడతాయి.

ఇక అసలు పని వెలుతురు. రంగులు కొనకముందు హాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి, ఒక రోజు పోతే పోయింది. గంటకోసారి ఎండ నేల మీద ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీసి టైము రాయండి. పుష్యంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీ ఎండ గది లోపలి దాకా పాకుతుంది, ఏప్రిల్‌లో తీసుకున్న కొలత అప్పటికి పనికిరాదు. సాయంత్రానికి ఆ గీతలన్నీ ఏటవాలు పట్టీల్లా పడి ఉంటాయి, నన్నడిగితే మీ మొదటి డ్రాయింగ్ అదే. ఆ పట్టీలు ఏ గోడ ఎక్కుతున్నాయో చూసుకుని ఆ గోడకి ఏ రంగో, ఎంత మందమో తేల్చుకోవచ్చు.

చాలామంది పొరపడేది ఇంకోటుంది. ఒంగోలు గిత్త మూపురాన్ని నాలుగు వంకర గీతల్లో పెట్టినంత మాత్రాన అది ఈ చోటి పని అయిపోదు, అదే బొమ్మ హైదరాబాదులో వేలాడదీసినా అంతే ఉంటుంది. ఈ నేలని తేవాలంటే పదార్థంలో తేవచ్చు. సైదాపురం వైపు అభ్రకం గనులున్నాయి, నెల్లూరు అభ్రకానికి కాస్త ఆకుపచ్చ ఛాయ. దాని పొడిని సన్న జల్లెడ పట్టి, పారదర్శకమైన అక్రిలిక్ మీడియంలో (రంగు కలపని అక్రిలిక్ ద్రవం) కలిపి ముదురు రంగు మీద పల్చగా లాగితే, ఎదురుగా నిలబడ్డప్పుడు ఏమీ కనపడదు, పక్కకి రెండడుగులు వేసేసరికి గోడంతా మెరుస్తుంది. అందుకే లైటు ఎదురుగా కొట్టకండి, పక్కనుంచి రానివ్వండి. చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ పొడి కూడా వాడొచ్చు, కానీ ఆ రాయిలో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ స్ఫటికాలు, పొడి చేస్తే ఆ మెరుపు పోయి బూడిదరంగు గరుకు మాత్రమే మిగులుతుంది. ఆ గరుకే కావాలంటే సరే. ఏ పొడి జల్లెడ పట్టినా మాస్కు ఉండాల్సిందే.

సైజు తేల్చడానికి పాత న్యూస్‌పేపర్లు అతికించి అసలు కొలతలో గోడకి పెట్టి, గుమ్మం దగ్గర్నుంచి నడిచి రండి. గుమ్మంలోంచి మొదట కనపడే గోడ మీద అన్నీ కుమ్మరించేస్తే మనిషి లోపలికి రాడు. నేనైతే దాన్ని దాదాపు ఖాళీగా వదిలేస్తా.

వాచ్‌మన్ "ఏంది సార్ ఇది?" అని తప్పకుండా అడుగుతాడు. అర్థం చెప్పడానికి కూర్చోకండి, "ఇటు నడుస్తా చూడన్నా" అనండి చాలు. గోడ మీద రాసే మాట కూడా అంతే, నాలుగు లైన్లు దాటొద్దు.

మండపం తిరిగి అప్పగించేటప్పుడు గోడ తెల్లగా ఇవ్వాలి, ఆ సంగతి అద్దె మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. బొమ్మ పోతుందని బాధ అక్కర్లేదు. అమెరికన్ కళాకారుడు సోల్ లెవిట్ 1968 నుంచి చేసిన గోడ డ్రాయింగులు సూచనల రూపంలోనే ఉంటాయి, షో అయ్యాక సున్నం కొట్టేస్తారు, ఇంకోచోట వేరేవాళ్లు ఆ సూచనలు చూసి మళ్లీ వేస్తారు. మీరూ కొలతలు, రంగుల డబ్బాల షేడ్ నంబర్లు, మీడియంలో పొడి ఎంత పాలు కలిపారో, ఏ టైముకి ఏ లైటు వేశారో రాసిపెట్టుకోండి. ఫోటోలు ఒకే చోటు నుంచి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీయండి. ఆ తర్వాత సున్నం మనిషిని పిలవండి, ముదురు రంగు మీద ఒక కోటు చాలదు, ప్రైమర్ కొట్టి ఆపైన రెండు కోట్లకి డబ్బులు పక్కన పెట్టుకోండి.